పదకొండున్నర సముద్రం

"చెయ్యి పెట్టు తల్లీ. ఏం కాదు," అన్నాడు హేమంత్ ఫోన్ వైపు వంగి.

"నీ మాట ఆ పిల్లకు ఇనబడుతదా ఏంది? బడి ఏడనో గోపన్‌పల్లిల ఉంది," అన్నాడు వేణు టీ కప్పు బల్ల మీద పెడుతూ.

హేమంత్ తల ఎత్తలేదు. ఆఫీసు ఎనిమిదో అంతస్తు క్యాంటీన్‌లో కిటికీ పక్క కుర్చీ అతనిది. రోజూ పదకొండున్నరకు అక్కడ కూర్చుని, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, ప్లేస్కూల్ కెమెరాలో కూతుర్ని చూసుకుంటాడు. రసజ్ఞకు మూడేళ్లు. ఈ వారం బళ్లో పిల్లలకు సముద్రం పెట్టారు. సముద్రమంటే ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు. అందులో నీలం రంగు కలిపిన నీళ్లు, ఉడకబెట్టిన సగ్గుబియ్యం, అడుగున ఇసుక, గవ్వలు, రబ్బరు చేపలు. పిసికి, తడిమి, చల్లుకుని పిల్లలు నేర్చుకుంటారట. మిగతావాళ్లు సోమవారమే మోచేతుల దాకా దిగిపోయారు. రసజ్ఞ మాత్రం నాలుగు రోజులుగా చేతులు వెనక్కి పెట్టుకుని టబ్బు పక్కన నిలబడే ఉంది.

"తడి అంటే భయం దానికి. పెరుగన్నం కూడా చేత్తో ముట్టదు. స్పూనే కావాల," అన్నాడు హేమంత్.

"నీకెట్ల తెలుసు? ఎన్నడన్న తినిపించినవా?"

వేణు ఎగతాళికే అన్నా అది తగలాల్సిన చోటే తగిలింది. ఒకే ఇంట్లో ఉన్న రెండేళ్లలో హేమంత్ పిల్లను పది నిమిషాలు కుదురుగా చూసిన పాపాన పోలేదు. పొద్దున మీటింగులు, సాయంత్రం కాల్స్, శని ఆదివారాలు సాఫ్ట్‌వేర్ రిలీజులు. "ఒక్క గంట మాతో ఉండు" అని అడిగి అడిగి విసిగిపోయిన భార్య మౌనిక, తొమ్మిది నెలల కిందట పిల్లను తీసుకుని మదీనాగూడలో వేరే ఇంటికి వెళ్లిపోయింది. విడాకుల కేసు నడుస్తోంది. అది తేలేదాకా బిడ్డ దగ్గరికి రావద్దని మామగారు ఈశ్వరయ్య కడప నుంచి వచ్చి నలుగురిలో చెప్పి మరీ వెళ్లాడు. అప్పట్నుంచి మౌనిక ఫోన్ ఎత్తదు, మెసేజ్‌కు బదులివ్వదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో హేమంత్‌కు ఇప్పుడు తెలిసొచ్చింది.

మిగిలింది ఈ కెమెరా ఒక్కటే. బళ్లో చేర్చిన రోజున అమ్మకూ నాన్నకూ చెరో లాగిన్ ఇచ్చారు. అతని ఫోన్‌లో అది అలాగే ఉండిపోయింది.

"ఆమెకు ఎరుకైతే?" అన్నాడు వేణు.

"ఆ పొద్దుతో ఆఖరు. బడికి ఒక్క ఫోన్ కొట్టి తీయించేస్తాది. అందుకే వాళ్లు పెట్టే ఫోటోలకు లైక్ గూడా కొట్టను."

"గిట్ల దొంగ లెక్క ఎన్ని దినాలు చూస్తవ్ రా?"

"కనపడినన్నాళ్లు."

ఆ మాటలో కోపం లేదు, ఏడుపూ లేదు. మనిషి అలిసిపోయాడు, అంతే.

తెర మీద ఆయా సీతాబాయి రసజ్ఞను టబ్బు పక్కన కూర్చోబెట్టింది. తను చెయ్యి ముంచి ఒక చేపను తీసి పిల్ల అరచేతిలో పెట్టింది. పిల్ల జారవిడిచింది. సీతాబాయి మళ్లీ తీసి పెట్టింది. అలా ఐదారుసార్లు అయ్యాక రసజ్ఞ ఒక వేలు నీళ్లలో పెట్టి, వెంటనే తీసి, దాన్ని చూసుకుంది. తర్వాత చెయ్యంతా ముంచింది. సగ్గుబియ్యం పిడికిట్లో పిసికి నవ్వింది. కెమెరాలో శబ్దం రాదు.

"పెట్టిందిరా," అన్నాడు హేమంత్. కళ్లు తుడుచుకోవాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు. వేణు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అంతలో ఇంకో పిల్లాడు సీతాబాయి కొంగు లాగాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని బాత్రూమ్ వైపు వెళ్లింది. రసజ్ఞ నీళ్లలోంచి ఒక చిన్న గవ్వ తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో వేసుకుంది.

"ఉమ్మెయ్," అన్నాడు హేమంత్. "ఉమ్మెయ్ నాన్నా."

"బడికి కొట్టురా," అన్నాడు వేణు.

నంబరు తీశాడు. వేలు దాని మీదే ఆగింది. కొడితే, ఎలా తెలిసిందని అడుగుతారు. మౌనికకు చెబుతారు. రేపు పదకొండున్నరకు ఈ కుర్చీలో కూర్చుని గోడను చూసుకోవాల్సిందే. తెర మీద పిల్ల బుగ్గ కదిలింది.

కొట్టాడు.

"వాసంతి మేడమ్, రసజ్ఞ నోట్లో గవ్వ ఉంది. టబ్బు దగ్గర. తొందరగా చూడండి."

టీచరు వాసంతి పరుగున రావడం తెర మీద కనిపించింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని నోట్లో వేలు పెట్టింది. గవ్వ బయటపడింది.

"తీసేశానండి. ఏం కాలేదు, భయపడి ఏడుస్తోందంతే," అంది వాసంతి ఆయాసపడుతూ. "ఒంటరిగా వదలడం మా తప్పేనండి. మౌనిక మేడమ్‌కి నేనే చెబుతాను."

"చెప్పండి మేడమ్. చూసింది నేనని మాత్రం చెప్పొద్దు. తెలిస్తే నా లాగిన్ తీయించేస్తుంది. నా బిడ్డ నాకు కనపడేది ఇందులోనే."

ఫోన్‌లో పిల్ల ఏడుపు సన్నగా వినిపించింది. తొమ్మిది నెలల తర్వాత ఆ గొంతు వినడం అదే మొదలు.

"మా బళ్లో ఎవరి లాగినైనా నెల తిరిగేసరికి దానంతటదే ఆగిపోతుందండి," అంది వాసంతి మెల్లగా.

"మీది మాత్రం ప్రతి ఒకటో తారీఖునా మౌనిక మేడమే మళ్లీ పెట్టిస్తున్నారు."