బొట్టుబొట్టుగా పడే నీళ్లు

చోడవరంలో కేదార్ ఇంట్లోని పెద్ద చేపల తొట్టికి డ్రిప్ బిగించాక వచ్చిన మొదటి ఆదివారం. కొత్త నీళ్లు బొట్టుబొట్టుగా పడుతున్నాయి, పాత నీళ్లు వాటంతటవే పోతున్నాయి. అయినా కేదార్ హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఇంక మీరు నీళ్లు మార్చక్కర్లేదు కదా! ఏటి మీ బాధ?" అని విసుక్కుంది భార్య వాగ్దేవి.

"వారమంతా నీకు బ్యాంకు, నాకు ఫ్యాక్టరీ షిఫ్టులు. ఆదివారం నీళ్లు మారుస్తన్నప్పుడే కదా, గొట్టం పట్టుకుని నా పక్కన కూచునేదానివి. ఇప్పుడెలాగ?"

మొగుడి ప్రాణమంతా చేపల మీదేనని ఉడుక్కుని, ఆదివారమైనా తనకు మిగులుతాడని, పోరి పోరి డ్రిప్ పెట్టించింది వాగ్దేవే.

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదండీ," అంది.