కరెంటు పోయినప్పుడు అడిగిన ప్రశ్న

డెబ్బై తొమ్మిదిలో గణపతిరావు జంషెడ్‌పూర్‌లోని ఒక రాత్రి కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. డ్యూటీ దిగి వచ్చిన కార్మికులే విద్యార్థులు. దాదాపు అందరూ హిందీవాళ్లే. ఆయనతో తెలుగు మాట్లాడేది ఆదిబాబు, సూర్యం అనే అన్నదమ్ములిద్దరే. పరీక్షల ముందు ఆదిబాబు లారీ కింద పడి చనిపోయాడు. దినాలయ్యాక సూర్యం ఒక్కడే వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పాఠం మధ్యలో కరెంటు పోయింది.

"మాస్టారూ, ఆ రెండో పద్ధతి నాకు బోదపళ్లేదు. మళ్లీ సెప్పరా?" అని వెనక బెంచీ నుంచి ఎవరో తెలుగులో అడిగారు.

గణపతిరావు వెనక బెంచీ వైపు చూశాడు. "సూర్యం, నువ్వేనా?"

"నాను కాదు మాస్టారూ," అన్నాడు సూర్యం ముందు బెంచీ నుంచే. "మా అన్న. పాపం, ఏటడిగినాడో అది సెప్పీండి."

ఆయన చీకట్లోనే బోర్డు వైపు తిరిగి, సుద్దతో రాస్తూ మొదటినుంచీ చెప్పాడు. చెబుతుండగానే కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరిగాయి. ఆయన మాత్రం వెనక్కి తిరగకుండానే లెక్క పూర్తి చేశాడు.

"అర్థమైందా?" అని బోర్డును చూస్తూనే అడిగాడు.

"అయింది మాస్టారూ," అంది వెనక నుంచి ఆ గొంతు.

సూర్యం లేచిన చప్పుడైంది. "అయితే ఇంటికెల్దాం రా, అన్నా. అమ్మ సూత్తంటది."

వెనక బెంచీ కిర్రుమంది.