ఆ గడిలో టిక్కు

"నా వ్యాసాలు పదకొండు. మీ లైబ్రరీ కేటలాగులో ఒక్కటీ కనపడదేం? కావాలనే తీసేశావు కదూ!" ప్రొఫెసర్ ఒంటికాలి మీద లేచాడు.

"నేనెందుకు తీస్తాను సార్?" లైబ్రేరియన్ తలెత్తలేదు.

"నటించకు. ఇంకో గంటలో నా ప్రమోషన్ కమిటీ. వాళ్ళు ఇందులోనే వెతుకుతారు."

ఆమె మానిటరు అతనివైపు తిప్పింది. 'తోటి నిపుణులు పరిశీలించిన జర్నల్స్ మాత్రమే' అన్న గడిలో టిక్కు తీసింది. పదకొండూ వరసగా వచ్చి కూర్చున్నాయి.

"అలాగే ఉంచు!"

"కుదరదు సార్. టిక్కు తీయకూడదని ఆర్డరుంది." ఆమె మళ్ళీ టిక్కు పెట్టి, సొరుగులోంచి కాగితం తీసింది. "లైబ్రరీ కమిటీ ఛైర్మనుగా మీ సంతకమే. ఊరూపేరూ లేని జర్నల్స్ చూసి రాశానని నా థీసిస్ మొహాన కొట్టారే, ఆ రోజుదే."