ముందు వరస కుర్చీ

"అమ్మా, అక్కడ కూర్చోకూడదండీ."

ముందు వరస మధ్య కుర్చీలో ఉన్న పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది.

బయట వాన. ఆవిడ చెప్పులు తడిసి బురదగా ఉన్నాయి. తివాచీ మీద మరకలు పడ్డాయి.

రాయబార కార్యాలయంలో కొత్తగా చేరిన అమ్మాయికి ఇది మొదటి పని. కొత్త హాలు ప్రారంభానికి వచ్చేవాళ్ళని హోదా ప్రకారం కూర్చోబెట్టాలి.

వాళ్ళింట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. అది పై అధికారి చేతిలో ఉంది. కుర్చీల వరసని చూపుతోనే కొలుస్తాడని ఆఫీసంతా ఆయన్ని చాటుగా 'స్కేలు' అంటారు.

"ఒక్క కుర్చీ తప్పిందా, నీ రిపోర్టు రాసేది నేనే," అన్నాడు స్కేలు పొద్దున్నే.

"ముఖ్య అతిథి ఎవరు సార్?"

"రాయబారిగారి కారు హోటల్‌కి వెళ్ళింది. అందులో వస్తారు. నువ్వు కుర్చీ కాపలా కాయి, చాలు."

అందుకే కాస్తోంది.

"ముందు కూర్చోమని ఫోన్లో చెప్పారమ్మా," అంది పెద్దావిడ.

"ఎవరు చెప్పారండీ?"

"పేరడగలేదు తల్లీ. గొంతు మర్యాదగా ఉంది."

"ఇది ముఖ్య అతిథిదండీ. ఇప్పుడో ఇంకాసేపటికో కారులో దిగుతారు."

"అయ్యో, పెద్దవాళ్ళొస్తున్నారా! తెలీక కూర్చున్నాను."

ఆవిడ జిప్పు పోయిన సంచి చంకన పెట్టుకుంది. ఇంట్లో అమ్మ సంచీ అలాంటిదే. అందుకే అమ్మాయి కసురుకోలేదు. చెయ్యి పట్టుకుని మెల్లగా చివరి వరసకి తీసుకెళ్ళింది.

"ఇక్కణ్ణుంచి ఆ తెర కనబడుతుందా తల్లీ?"

"బాగా కనబడుతుందండీ."

స్తంభం అడ్డముందని అమ్మాయి చూడలేదు. అప్పటికే స్కేలు పిలుస్తున్నాడు.

"ఈ బురదేంటి? ఎవరినైనా ఊరికే తిరగనిచ్చావా?"

"వెనక్కి పంపేశాను సార్."

హాలు నిండింది. ముఖ్య అతిథి రాలేదు. డ్రైవరు ఫోన్ చేశాడు. హోటల్లో లేరట.

మంత్రిగారు గడియారం చూసుకోవడం మొదలెట్టారు.

"ఆ కుర్చీ తీసెయ్. ఖాళీగా కనబడితే ఫొటోలో బాగోదు," అన్నాడు స్కేలు.

అమ్మాయే మోసుకెళ్ళి గోడవార పెట్టింది.

"ముఖ్య అతిథి రాలేకపోయారు," అని మైకులో చెప్పి, రాయబారిగారే తెర లాగారు.

రాతి పలక మీద ఒక పేరు. హాలుకి పెట్టిన పేరు.

ఆ దేశంలో అల్లర్లు రేగినప్పుడు మనవాళ్ళందరినీ బస్సులెక్కించి, తనొక్కడూ ఎక్కలేకపోయిన కుర్ర ఆఫీసరుది. పేపర్లో ఆయన గురించి చదివిన రోజే అమ్మాయి ఈ ఉద్యోగం పరీక్ష రాయాలనుకుంది. చప్పట్లు కొడుతుంటే ఆమె కళ్ళు తడిశాయి.

అందరూ టీలకి వెళ్ళారు.

"శభాష్. ఒక్క కుర్చీ తప్పలేదు," అన్నాడు స్కేలు. "నీ రిపోర్టు గురించి బెంగ పెట్టుకోకు."

గుండెల మీంచి బరువు దిగింది. లైట్లు ఆపుదామని లోపలికొచ్చింది.

పలక దగ్గర పెద్దావిడ ఒక్కతే నిలబడి ఉంది. చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి, ఒక్కొక్కటే తడుముతోంది.

"టీ అక్కడిస్తున్నారండీ."

"వస్తాను తల్లీ. తప్పుల్లేకుండా చెక్కారు."

"మీరు దేన్లో వచ్చారండీ? వాన తగ్గలేదు."

"కారొస్తుందన్నారు గానీ, ఆగలేక నడిచొచ్చేశాను."

అమ్మాయి చెయ్యి స్విచ్ మీద ఆగిపోయింది.

పెద్దావిడ ఆమె వైపు తిరిగి, తనే ఓదారుస్తున్నట్టు నవ్వింది.

"తెర లాగడానికి నన్నే పిలుస్తామన్నారు, పిలుస్తారేమోనని చూశాను... పోనీలే తల్లీ, ఎవరు లాగితేనేం, మా వాడి పేరేగా."