మలుపు దగ్గర ఆగిన బండి

బ్రేకు తొక్కితే శివకృష్ణ కాలు అడుగుదాకా దిగిపోయింది.

బండి ఆగలేదు.

మొన్నటి ఎండాకాలం గొర్రెలమ్మి కొన్న పాత కారు అది. మన్ననూరు ఘాటు దిగుతోంది. ముందు సీట్లో తండ్రి బీరన్న. వెనక సీటు నిండా భార్య స్నేహలత, అత్త సైదమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. కాన్పు నొప్పులు మొదలై నాలుగు గంటలు. తెల్లవారినప్పటి నుంచి రక్తం పోతోంది.

"ఆపురా!" అని బీరన్న అరిచాడు.

"ఆగుతలేదే బాపూ!"

మలుపులో ఒక ముసలాయన రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. కారు వచ్చే తీరు చూసి పక్కకు దూకాడు.

"గుట్ట దిక్కు కొయ్! లోయ దిక్కు సూడకు! గుట్టకు గీకియ్యి!"

శివకృష్ణ కళ్ళు మూసుకుని స్టీరింగ్ తిప్పాడు.

కారు గుట్ట మట్టిని గీరుకుంటూ పోయి, కీచుమని ఆగింది. ముసలాయన ఉరికొచ్చి ముందు చక్రం కింద ఇంత బండరాయి పెట్టాడు.

చక్రాల్లోంచి పొగ. కాలిన వాసన.

"న్యూట్రల్ల దించినవా?"

శివకృష్ణ తలుపు తీసుకుని దిగాడు. బీరన్నే అన్నాడు. "పెట్రోలు మిగులుతదని అందరు గట్లనే దించుతరు గదనే."

"పెట్రోలు మిగులుతది. మనుషులు మిగులరు."

శివకృష్ణ నీళ్ళ సీసా తీసుకుని చక్రాల దగ్గరికి పోయాడు. ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"పొయ్యకు. కాలిన ఇనుము పలుగుతది. దానంతట దాన్నే సల్లారనియ్యి."

"ఎంతసేపు?"

"పావుగంట."

"పావుగంటనా! ఆడ నా పెండ్లాం సస్తాంది!"

ముసలాయన అద్దంలోంచి లోపలికి చూశాడు. స్నేహలత కొంగు కొరుక్కుంటోంది. సైదమ్మ చీర మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసింది. ఆయన ఏదో అనబోయి ఆగాడు.

"ఆ నీళ్ళు నాకియ్యి."

సీసా తీసుకుని రోడ్డు పక్క బండ చాటుకు పోయాడు. కాసేపటికి వచ్చి చక్రం మీద చెయ్యి ఆడించి చూశాడు. మళ్ళీ బండ చాటుకు పోయాడు.

శివకృష్ణకు ఒళ్ళు మండింది.

"మేమిక్కడ సావుబతుకుల మీదుంటే, నువ్వు నీడకు పోయి కూసుంటున్నవా? నీకేంది పెద్దమనిషీ! నీ ఇంట్ల మనిషైతే తెలుస్తుండె!"

ముసలాయన బండ చాటు నుంచి వచ్చాడు. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూశాడు.

"అడుగంటింది. ఎప్పుడు సూసినవ్?"

"కొన్నంక సూడలే."

"గొర్లకు కుడితి పెట్టుడు మరుస్తవా? గిది గూడ గంతే."

"నీకెట్ల ఎరుక ఇవన్ని?" అని బీరన్న అడిగాడు.

"ఎదురు బొంగుల లారీ నడిపిన. ఇరువై ఏండ్లు, గీ ఘాటు మీదనే."

బ్రేకు పదిసార్లు తొక్కించాడు. పదోసారికి కాలికి గట్టిగా తగిలింది.

"ఇగ పో. రెండో గేరు ఇడువకు. బ్రేకు మీద కాలు మోపి పెట్టకు. తొక్కు, ఇడువు. మలుపు రాకముందే తొక్కు, మలుపుల గాదు."

చక్రం కింది రాయి తీశాడు. కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇంకోటి బిడ్డా..."

లోపల స్నేహలత కేక పెట్టింది. శివకృష్ణ అప్పటికే గేరు వేశాడు.

"కిందికి పోంగనే సిగ్నల్ వస్తది. నూటెనిమిదికి ఫోన్ కొట్టు. గీ మలుపు కాడికి రమ్మను!"

"ఆఁ, కొడత కొడత!"

ఇంజన్ మూలుగుతూ, కారు రెండో గేరులో ఒక్కో మలుపే దిగింది. కింద రోడ్డెక్కేసరికి ఫోనులో సిగ్నల్ వచ్చింది.

"ఫోన్ కొట్టుమన్నడు గదరా ఆ అయ్య" అంది సైదమ్మ.

"బండి మంచిగనే పోతాంది గదనే అవ్వా. ఇగ మనకు నూటెనిమిది ఎందుకు?"

మధ్యాహ్నానికి అచ్చంపేట దవాఖానలో కొడుకు పుట్టాడు. తల్లికి రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది.

సైదమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోయి ఆయన పేరు అడిగి రా కొడుకా. పోరనికి ఆ పేరే పెట్టుకుందాం."

శివకృష్ణ కిలో జిలేబి కట్టించుకుని బస్సెక్కాడు. మలుపులో దిగాడు.

బండ చాటున పదిమంది దాకా ఉన్నారు. ఇద్దరు వెదురు నరుకుతున్నారు. నేల మీద ఎవరినో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దుప్పటి కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి, వేళ్ళకు మట్టెలు. తల దగ్గర ముసలాయన కూర్చున్నాడు.

శివకృష్ణ మెల్లగా దగ్గరికి నడిచాడు.

"ఎవరు?" అని పక్కనున్న మనిషిని అడిగాడు.

ఆ మనిషి పేరు ఎల్లేశం. లోపలి గూడెం వాడు. "మా గుర్వన్న ఇంటామె. పొద్దుగాల గుండెల నొప్పి లేసింది. ఈపు మీద మోసుకొచ్చి గీడ పండబెట్టి, బండ్లకు చెయ్యెత్తుకుంట నిలవడ్డడు. మధ్యాహ్నం దాక కొట్టుకున్నదంట పాణం."

జిలేబి పొట్లం శివకృష్ణ చేతిలో నలిగింది.

"గింత పెద్ద రోడ్డు మీద ఒక్క బండన్న ఆగలేదానే, గుర్వన్నా?" అని ఎల్లేశం గట్టిగా అడిగాడు.

ముసలాయన తల ఎత్తాడు. శివకృష్ణను చూశాడు. గుర్తుపట్టాడు.

"ఆగలే" అన్నాడు.