కొట్టేయని పేరు

"ఆ ఒక్క పేరు కొట్టేయండి," అన్నాడు ముసలాయన, వాకిలి గోడ మీంచి ఊడదీసి తెచ్చిన ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పెడుతూ.

సంపాదకురాలు తలెత్తలేదు. "మీరు నాలుగోవారు," అంది.

మొదట మిల్లు యజమానుల తరఫున లాయరు నోటీసు వచ్చింది. తర్వాత ఒక పెద్దమనిషి వచ్చి కాపీలన్నీ తామే కొనేస్తామన్నాడు. మూడోసారి వచ్చినవాళ్ళు కిటికీ అద్దాలు పగలగొట్టి పోయారు. ఇప్పుడు అక్కడ అట్టముక్కలున్నాయి.

లాభం కోసం పెట్టిన ప్రచురణ సంస్థ కాదది. పాత గ్యారేజీ, ఒక కంప్యూటరు, జీతం తీసుకోని నలుగురు మనుషులు. వీధి కుళాయిల మీదా, బస్సు డిపో మీదా పుస్తకాలు వేసినప్పుడు ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. ఏళ్ళ కిందట మిల్లు తగలబడి కూలీలు చనిపోయిన సంగతి రాస్తున్నారనగానే పెద్దలందరికీ చరిత్ర మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది.

అచ్చుకు ముందు ప్రూఫులు గోడకి అంటించడం అక్కడి పద్ధతి. దారిన పోయే ఎవరైనా పెన్సిలుతో తప్పులు దిద్దొచ్చు. చనిపోయినవాళ్ళ పేర్ల జోలికి మాత్రం ఇంటివాళ్ళు తప్ప ఎవరూ రాకూడదు.

ముసలాయన కదల్లేదు. మంటలు లేచినప్పుడు ఆ పేరుగల మనిషి లోపల లేడనీ, పొద్దున హాజరు వేయించుకుని వెనక గోడ దూకి వెళ్ళిపోయాడనీ చెప్పాడు.

పక్కన పేజీలు కుడుతున్న బైండరు సూది ఆపాడు. "లాయరుదీ ఇదే కథమ్మా. సగంమంది గోడ దూకి పారిపోయారట. ఆ మంటల్లో పోయిన మా అన్న కూడా అవిటి కాలేసుకుని నిలువెత్తు గోడ దూకాడంట."

మిల్లు గురించి మీకెలా తెలుసని ఆమె అడిగింది. స్పిన్నింగు విభాగంలో పనిచేశానన్నాడు ముసలాయన. తలుపులకి బయటినుంచి తాళాలు వేసేవారన్నది నిజమేననీ, అది బాగా రాశారనీ ఒప్పుకున్నాడు.

"కానీ ఈ ఒక్క పేరు పట్టుకుని మీ పుస్తకం మొత్తాన్ని కూలదోస్తారు."

"బెదిరిస్తున్నారా?"

"చెబుతున్నాను."

ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆ పేరు రాయించింది చనిపోయినాయన భార్యేనంది. ఏళ్ళ తరబడి అతని ఫొటో పట్టుకుని మిల్లు గేటు ముందు కూర్చుంది. గుండెపోటుతో పోయాడని సంతకం పెడితే పరిహారం ఇస్తామని మిల్లువాళ్ళు అంటే, ఆ కాగితం చింపి వాళ్ళ మొహానే కొట్టింది. ఇవన్నీ వింటూ వింటూ ముసలాయన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఆవిడ ఉందా అని అడిగాడు. నిరుడు పోయిందన్నాడు బైండరు.

"రేపు అచ్చుకెళుతోంది," అంది సంపాదకురాలు. "కిటికీ అయింది, కావాలంటే తలుపు కూడా పగలగొట్టుకోండి. ఆవిడ చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తీయను. మిమ్మల్ని పంపినవాళ్ళకి అదే చెప్పండి."

"నన్నెవరూ పంపలేదు."

"అలాగా. మరి చనిపోయినాయనకి మీరేమవుతారు?"

ముసలాయన కాగితం మీద ఆ పేరు కింద వేలు పెట్టాడు.

"అది నా పేరేనమ్మా."