మన తోట కాయ

"నాయనా, ఈ కాయల్లో సత్తువ లేదంట. డాక్టరు తిడతాండాడు," అంది ఇంద్రాణి.

పుల్లన్న సంచిలోంచి చీనీకాయలు, అవే బత్తాయిలు, తీసి తట్టలో పెడుతున్నాడు. అనంతపురం కోల్డ్ స్టోరేజీ నుంచి అప్పుడే తెచ్చినవి.

"నిగనిగలాడతానే ఉండాయి గదమ్మా?"

"పైకే నాయనా. చల్లంగా పెడితే కుళ్ళవు గానీ, నెలలు గడిచేకొద్దీ లోపల విటమిను తగ్గతా పోతాదంట. అమ్మకు చిగుళ్ళలో నెత్తురు ఆగల్లంటే తాజా కాయలే తాపమన్నాడు. గార్లదిన్నెలో దొరుకుతాండాయి."

"వద్దు. వేరే తోట కాయని మీయమ్మ వాసనతోనే కనిపెడతాది. మన తోట ఏమాయె అంటే ఏం చెప్పేది?"

ఇంద్రాణి తట్ట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రెండువేల రెండు కరువులో, అతని భార్య బయమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండగానే బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. చెట్లు నిలువునా మాడాయి. పుల్లన్న వాటిని కొట్టించేశాడు. ఎండాకాలమంతా బిందెలు మోసి ఒకప్పుడు ఆ మొక్కల్ని బతికించింది బయమ్మే. ఇప్పుడు మంచం దిగలేని మనిషికి ఆ సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చివరి కోతను కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, కాసిన్ని కాసిన్ని తెచ్చి, "పొద్దున్నే కోసుకొచ్చినా" అనేవాడు.

రసం పిండేది ఇంద్రాణి. తాపేది పుల్లన్న.

బయమ్మ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకునేది.

"మన కాయే. గట్టు మీది చెట్టుదా?"

"ఊఁ, దాందే."

"దానికి నీళ్ళు బాగా కట్టు."

"కడతాండాలేవే," అంటూ పుల్లన్న మొహం తిప్పుకునేవాడు.

కొన్నాళ్ళకు బయమ్మకు జ్వరం తగిలింది. ఛాతీలో నెమ్ము చేరింది. శ్రావణం వెళ్ళకుండానే ఆమె పోయింది.

దినాలు ముగిసి చుట్టాలంతా వెళ్ళిపోయాక, పుల్లన్న వసారాలో కూలబడి ఏడ్చాడు.

"నేనే చంపుకున్నా ఇంద్రాణీ. మొండికి పోయి, సత్తువ లేని కాయలు తాపినా మీయమ్మకు."

ఇంద్రాణి వచ్చి పక్కన కూర్చుంది.

"లేదు నాయనా. డాక్టరు చెప్పిన మరుసటి దినం నుంచీ నేను పిండింది తాజా కాయలే. నువ్వు తెచ్చినవి చాటుగా పక్కింట్లో ఇచ్చేసినా. చిగుళ్ళు మానలేదా? అమ్మను తీసకపోయింది జరం, నువ్వు గాదు."

పుల్లన్న కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచి కూతురి వైపు చూశాడు.

"వేరే తోటవా? మరి దినామూ మన కాయే అనె గదా మీయమ్మ!"

ఇంద్రాణి కొంగుతో అతని చెంపలు తుడిచింది.

"చెట్లు కొట్టేసినావని అమ్మకు ముందే తెలుసు నాయనా."